ఒక వస్తువు దుకాణానికి చేరే ముందు: డిజైన్ ప్రాజెక్టులో పిల్లలకు మీరు ఎలా తోడుండాలి?



ఈ టర్మ్‌లో ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ‘నేను తయారుచేసే వస్తువు’ అనే ప్రాజెక్టు చేయబోతున్నారు. ఎవరైనా డబ్బిచ్చి కొనుక్కునేలాంటి ఒక వస్తువును ఆలోచించాలి. దానికి ఒక నమూనా తయారుచేయాలి. దాన్ని అలాగే ఎందుకు చేశారో టీచర్లకు, తోటి పిల్లలకు వివరించాలి.

ఈ మాట చదవగానే మీలో చాలామందికి ఒక దృశ్యం గుర్తొచ్చి ఉంటుంది. ఆదివారం రాత్రి పదిన్నర. డైనింగ్ టేబుల్ నిండా థర్మకోల్ ముక్కలు, ఫెవికాల్, స్కెచ్ పెన్నులు. కటింగ్ బ్లేడు నాన్న చేతిలో, గూగుల్ అమ్మ చేతిలో. ప్రాజెక్టు చేయాల్సిన పిల్లవాడు మాత్రం సోఫాలో నిద్రపోతుంటాడు. ఇంకొందరి ఇళ్లలో ఆ శ్రమ కూడా ఉండదు. స్టేషనరీ షాపులో రెడీమేడ్ మోడళ్లు దొరుకుతాయి, పేరు రాసి పట్టుకెళ్లడమే.

మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఈ పరిస్థితిలో మా వాటా కూడా ఉంది. ముందు అది చెప్పి, తర్వాత అసలు పాఠంలోకి వెళదాం.

గత ఏడాది మేం చేసిన పొరపాటు

గత ఏడాది ప్రదర్శనలో రెండు నమూనాలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి లైట్లు వెలిగే అందమైన మోడల్. రెండోది పాత స్వీట్ బాక్సుతో చేసిన మందుల పెట్టె. దాన్ని చేసింది ఎనిమిదో తరగతి అమ్మాయి. చూడ్డానికి అంతంతమాత్రం. మూతలు కూడా కాస్త వంకరగా ఉన్నాయి.

ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ రోజుకు మూడు పూటలా మాత్రలు వేసుకుంటారు. ఏది ఉదయం, ఏది రాత్రి అన్నది తరచూ తారుమారవుతోంది. అందుకని పాప మూడు అరలున్న పెట్టె చేసింది. ముందు మూతలకు ఎరుపు, నారింజ, పసుపు రంగులు వేసింది. అమ్మమ్మ కళ్లకు శుక్లాలు. ఎరుపుకీ నారింజకీ తేడా తెలియలేదు. రెండోసారి రంగులు మానేసి ఉదయం మూతకు ఒక పూస, మధ్యాహ్నం మూతకు రెండు, రాత్రి మూతకు మూడు పూసలు అంటించింది. ఇప్పుడు అమ్మమ్మ వేలితో తడిమి చెప్పగలుగుతున్నారు. కానీ మూత బిగుతుగా ఉండి తెరవలేకపోయారు. మూడోసారి మూత అంచుకు చిన్న గుడ్డపట్టీ కుట్టింది, పట్టుకుని లాగడానికి. ఇదంతా ఒక రఫ్ నోట్‌బుక్‌లో తేదీలతో సహా రాసుకుంది.

లైట్ల మోడల్ దగ్గర మేం అడిగిన ప్రశ్న ఒక్కటే: “బ్యాటరీ అయిపోతే ఎలా మార్చాలి నాన్నా?” ఆ బాబు దూరంగా నిలబడ్డ వాళ్ల నాన్న వైపు చూశాడు.

మొదటి బహుమతి మేం లైట్ల మోడల్‌కే ఇచ్చాం. పూసల మూతల పెట్టెకు ప్రోత్సాహక బహుమతి కూడా ఇవ్వలేదు.

తర్వాత ఆ నోట్‌బుక్ తీరిగ్గా చదివిన టీచర్లు స్టాఫ్ రూములో చాలాసేపు మాట్లాడుకున్నారు. మెరిసే మోడల్‌కు మేం మార్కులు వేస్తుంటే, తల్లిదండ్రులు మెరిసే మోడళ్లు కొనక ఏం చేస్తారు? అందుకే ఈ ఏడాది పద్ధతి మార్చాం. మొత్తం 50 మార్కుల్లో 30 నోట్‌బుక్‌కు, 10 నమూనాకు, 10 పిల్లలు చెప్పే జవాబులకు. నమూనా అట్టముక్కలతో చేసినా సరే, పూర్తి మార్కులు వస్తాయి.

మరి ఆ నోట్‌బుక్‌లో ఏముండాలి? ఒక వస్తువును తయారుచేసి అమ్మాలనుకునేవాళ్లు ఏయే విషయాలు ఆలోచిస్తారు? ఈ నెల పాఠం అదే. ఇది పిల్లల కంటే ముందు మీరు చదివితే వాళ్లను సరైన ప్రశ్నలు అడగగలుగుతారు.

పెన్ను నుంచి మొదలుపెడదాం

మీ పిల్లల కంపాస్ బాక్సులోంచి ఒక మామూలు బాల్‌పెన్ను తీయండి. ఫ్రాన్స్‌లో మార్సెల్ బిక్ అనే వ్యాపారవేత్త 1950లో ‘బిక్ క్రిస్టల్’ అనే బాల్‌పెన్నును మార్కెట్లోకి తెచ్చారు. ఇవాళ మనం వాడే చవక బాల్‌పెన్నుల్లో చాలావాటికి అది పెద్దన్న లాంటిది. 2006 నాటికి అలాంటి పెన్నులు 10,000 కోట్లు అమ్ముడయ్యాయని ఆ కంపెనీ ప్రకటించింది. అంత సాదాసీదా వస్తువులో ఎంత ఆలోచన ఉందో చూడండి.

దాని ఒళ్లు గుండ్రంగా కాక ఆరు పలకలుగా ఉంటుంది, పెన్సిల్‌లాగా. అందువల్ల బల్ల మీంచి దొర్లిపోదు, వేళ్లకు పట్టు దొరుకుతుంది. ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది. లోపల ఇంకు ఎంత మిగిలిందో కనబడుతుంది కాబట్టి పరీక్ష మధ్యలో మోసపోయే పని లేదు. పెన్ను ఒంటి మీద సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి గాలి ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడి సమానంగా ఉండటానికి అది పెట్టారు. ఇంకు సాఫీగా దిగుతుంది.

ఇక మూత. 1991 నుంచి ఆ మూత కొసన కూడా ఒక రంధ్రం పెట్టారు. పిల్లలు పెన్ను మూతను నోట్లో పెట్టుకుంటారు. పొరపాటున మింగి అది గొంతులో అడ్డుపడితే, సాయం అందేలోపు కొంతైనా గాలి ఆడటానికి ఆ రంధ్రం. పెన్ను మూతల భద్రతకు ఐఎస్‌ఓ 11540 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. ఆ రంధ్రం వల్ల పెన్ను బాగా రాయదు, ఎక్కువ అమ్ముడుపోదు. అయినా పెట్టారు. కొనే మనిషి వస్తువును ఎలా వాడాలో మాత్రమే కాదు, ఎలా వాడకూడదో, అయినా ఎలా వాడతాడో కూడా డిజైనర్ ఆలోచించాలి. ఈ ఒక్క మాట మీ పిల్లలకు అర్థమైతే సగం ప్రాజెక్టు అయిపోయినట్టే.

ఇప్పుడు మన రాజమహేంద్రవరం వెళదాం. కోసూరి వెంకటరత్నం గారు 1932లో మొదలుపెట్టిన రత్నం పెన్నులు మీలో కొందరి ఇళ్లలో తాతగారి బీరువాలో ఇప్పటికీ ఉండి ఉంటాయి. విదేశీ వస్తువులకు బదులు స్వదేశీ వస్తువులు రావాలని గాంధీజీ కోరుతున్న రోజులవి. తనకు అందిన రత్నం పెన్నును మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఎబొనైట్ అనే గట్టిపరిచిన రబ్బరు కడ్డీని లేత్ మీద చేత్తో తీర్చిదిద్ది చేసే పెన్ను అది.

రెండూ పెన్నులే. ఒకటి ఇంకు అయిపోగానే పారేసేది, కోట్ల సంఖ్యలో అచ్చులోంచి వచ్చేది. ఇంకొకటి ఇంకు నింపుకుంటూ ఏళ్ల తరబడి వాడేది, ఒక్కొక్కటిగా చేతుల మీదుగా వచ్చేది. ఏది మంచి డిజైన్? ఎవరి కోసం, ఎందుకోసం అని చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. అందుకే మొదటి అంశం అదే.

1. ఎవరి కోసం?

పిల్లలను “ఇది ఎవరి కోసం?” అని అడిగితే, “అందరి కోసం” అంటారు. ఆ జవాబును ఒప్పుకోకండి. ఒక మనిషిని చూపించమనండి. అమ్మమ్మ, వాచ్‌మన్ అంకుల్, పనికొచ్చే ఆంటీ, తమ్ముడు... ఎవరైనా సరే.

అమెరికాలో శామ్ ఫార్బర్ అనే ఆయన తన భార్య బెట్సీ కీళ్లనొప్పులున్న చేతులతో కూరగాయల పీలర్ పట్టుకోవడానికి ఇబ్బంది పడటం చూశారు. ఆ సన్నటి ఇనుప పిడికి బదులు లావుగా, మెత్తగా, తడిచేతికి జారకుండా ఉండే పిడితో 1990లో ‘ఆక్సో గుడ్ గ్రిప్స్’ పేరుతో వంటింటి పరికరాలు తెచ్చారు. నొప్పి ఉన్నవాళ్లకు సుఖంగా ఉన్న పిడి, నొప్పి లేనివాళ్లకు ఇంకా సుఖంగా ఉంటుంది కదా! ఒక్క మనిషి ఇబ్బందిని శ్రద్ధగా చూడటంతో మొదలైన వస్తువు లక్షల ఇళ్లకు చేరింది.

2. ఎక్కడ, ఎలా వాడతారు?

మన వంటింట్లో మిక్సీ కథ దీనికి చక్కటి ఉదాహరణ. 1960ల మొదట్లో ముంబైలో మాధురీ మాథుర్ అనే గృహిణి దగ్గర విదేశీ మిక్సీ ఒకటి ఉండేది. పళ్లరసాలకు, మెత్తటి పదార్థాలకు తయారైన మిక్సీ అది. మన వంటిల్లు అలాంటిది కాదు. పసుపుకొమ్ములు, ఎండుమిర్చి, కొబ్బరి, నానబెట్టిన పప్పు... ఆ మోటారు తట్టుకోలేక పాడైపోయింది. ఇక్కడ బాగుచేసేవాళ్లూ దొరకలేదు. ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ మన వంటకు తగ్గ మోటారుతో మిక్సీ తయారుచేయడానికి పూనుకున్నారు. అలా 1963లో ‘సుమీత్’ మిక్సీ పుట్టింది.

విదేశీ మిక్సీ చెడ్డ వస్తువు కాదు. అది వేరే వంటింటి కోసం చేసింది. మీ పాప డిజైన్ చేసే వస్తువు కూడా ఎక్కడ ఉంటుందో ఆలోచించాలి. మన మే నెల ఎండలో స్కూల్ బస్సు కిటికీ పక్కన గంటసేపు ఉంటే ఏమవుతుంది? వానలో తడిస్తే? కరెంటు హెచ్చుతగ్గులు వస్తే? తడిచేత్తో, ఎడమచేత్తో, చీకట్లో వాడాల్సి వస్తే? ఈ ప్రశ్నలకు జవాబులు ఇంటర్నెట్‌లో దొరకవు. ఇంట్లోనే దొరుకుతాయి.

3. ప్రమాదం లేకుండా ఉందా?

ఈ అంశాన్ని చివర్లో గుర్తొస్తే చూసేదిగా వదిలేయకూడదు. మొదటి బొమ్మ గీసేటప్పుడే ఆలోచించాలి. ఇంట్లో మూడు వస్తువులు చూపించి పిల్లలకు నేర్పించవచ్చు.

ఒకటి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు. ప్లగ్గును సాకెట్లోంచి బయటకు తీశాక పిల్లలకు చూపండి. మూడు పిన్నుల్లో పైనున్న ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడవు, లావు. పొడవు ఎందుకంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు కరెంటు తగిలేలోపే ఎర్త్ తగలాలి, తీసేటప్పుడు ఎర్త్ చివర్లో విడిపోవాలి. లావు ఎందుకంటే, అది పొరపాటున కరెంటు రంధ్రంలో దూరకూడదు. ఎవరికీ నేర్పకుండానే, ఎవరూ బోర్డు చదవకుండానే ఆ ఆకారం మనల్ని కాపాడుతుంది.

రెండు, ప్రెషర్ కుక్కర్. విజిల్ దారి మూసుకుపోతే లోపలి ఆవిరిని వదిలేయడానికి మూత మీద సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. వేడి మితిమీరితే కరిగిపోయి ఆవిరికి దారి ఇస్తుంది. అంటే ఒక రక్షణ తప్పిపోతే ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది.

మూడు, మిక్సీ. జార్ సరిగ్గా కూర్చోకపోతే కొన్ని మిక్సీలు తిరగవు. లోడు ఎక్కువైతే అడుగున ఉన్న ఎర్రబటన్ ట్రిప్ అయి మోటారును ఆపేస్తుంది.

చిన్నపిల్లల కోసం బొమ్మలు చేద్దామనుకునేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. ఊడివచ్చే చిన్న ముక్కలు, పదునైన అంచులు, విషపూరితమైన రంగులు ఉన్నాయా అని ఆ ప్రమాణాల ప్రకారం పరీక్షిస్తారు. ఈసారి మీరు బొమ్మ కొనేటప్పుడు ఆ మార్కు పిల్లల చేతే వెతికించండి.

4. దేనితో చేయాలి? ఎలా చేయాలి? ఎంతవుతుంది?

పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. వస్తువు ఎంత బాగున్నా, దాని ఖర్చు లెక్క కుదరకపోతే దుకాణానికి చేరదు. పిల్లలు ఎక్కువగా వదిలేసే అంశం ఇదే. గణితం బాగా పనికొచ్చేదీ ఇక్కడే.

ముందు పదార్థం. టిఫిన్ బాక్సు స్టీలుదైతే పగలదు, పులుసు వాసన పట్టదు, పసుపు మరకలు కావు. కానీ బరువు, లోపల ఏముందో కనబడదు. ప్లాస్టిక్‌దైతే తేలిక, రంగురంగులుగా చేయవచ్చు. కానీ మరకలు పడతాయి, వేడివేడి అన్నం పెట్టడం మంచిది కాదు. గాజుదైతే శుభ్రం. కానీ ఆరేళ్ల పిల్లవాడి బ్యాగులో పెట్టలేం. ఏ పదార్థమూ అన్నిటికీ పనికిరాదు. ఏది వదులుకుంటున్నామో తెలిసి ఎంచుకోవడమే డిజైన్. బరువు సంగతి కూడా మరవకండి. స్కూల్ బ్యాగు బరువు పిల్లల శరీర బరువులో 10 శాతం దాటకూడదని 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. 30 కిలోల పిల్లకు మొత్తం బ్యాగు 3 కిలోలే. అందులో మీ వాటర్ బాటిల్ ఎంత తినేస్తోందో ఒకసారి తూచి చూడండి. లీటరు నీళ్లే ఒక కిలో.

తర్వాత తయారీ. ఇక్కడ ఒక చిన్న లెక్క. ఇవి పాఠం కోసం ఊహించుకున్న అంకెలు. ఒక ప్లాస్టిక్ టిఫిన్ బాక్సుకు అచ్చు చేయించాలంటే 2,00,000 రూపాయలు అవుతుందనుకుందాం. ఒక్కో బాక్సుకు ప్లాస్టిక్, కరెంటు, కూలీ కలిపి 20 రూపాయలు అనుకుందాం.

1,000 బాక్సులే చేస్తే ఒక్కో బాక్సు మీద అచ్చు ఖర్చు 200 రూపాయలు. మొత్తం 220.

10,000 చేస్తే అచ్చు ఖర్చు 20. మొత్తం 40.

1,00,000 చేస్తే అచ్చు ఖర్చు 2 రూపాయలు. మొత్తం 22.

అదే బాక్సు, అదే ప్లాస్టిక్. చేసే సంఖ్యను బట్టి ఖర్చు 220 నుంచి 22కు దిగింది. చవక పెన్ను ఎందుకు చవకో, చేత్తో చేసిన పెన్ను ఎందుకు ఖరీదో ఇప్పుడు అర్థమవుతుంది. కానీ లక్ష బాక్సులు చేసి పదివేలే అమ్ముడైతే? మిగతా తొంభై వేలూ గోడౌన్లో ఉంటాయి, పెట్టిన డబ్బు వాటిలోనే ఇరుక్కుంటుంది. అందుకే ముందు తక్కువ చేసి, వాడించి చూసి, ఆ తర్వాతే అచ్చుకు వెళ్తారు.

దీనిపైన ప్యాకింగ్, రవాణా, దుకాణదారుడి లాభం, పన్ను, పాడైన సరుకు, ప్రకటన... ఇవన్నీ కలుస్తాయి. పిల్లల లెక్కలో ఇవి కనీసం పేర్లయినా ఉండాలి. “సొంత కష్టం ఖర్చు వేశావా?” అని కూడా అడగండి. గుడ్డసంచి కుట్టిన అమ్మ కూలీని పిల్లలు ఎప్పుడూ లెక్కలో వేయరు!

5. ధర ఒక్కటే చాలదు

“మాది అందరికంటే చవక” అన్నది పిల్లలు గర్వంగా చెప్పే మాట. అది చాలదని చెప్పడానికి టాటా నానో కారు కథ చాలు. స్కూటర్ మీద నలుగురు కుటుంబ సభ్యులు ఇరుక్కుని వెళ్లడం చూసి, వాళ్లకు అందుబాటు ధరలో సురక్షితమైన వాహనం ఇవ్వాలని రతన్ టాటా తలపెట్టారు. 2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో లక్ష రూపాయల కారుగా దాన్ని చూపించినప్పుడు ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఇంజనీరింగ్‌లో అది మామూలు విజయం కాదు. మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చింది. కానీ అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. పదేళ్లు తిరిగేసరికి తయారీ ఆగిపోయింది.

కారణాలు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీని పశ్చిమ బెంగాల్లోని సింగూర్ నుంచి గుజరాత్‌లోని సనంద్‌కు మార్చాల్సి రావడంతో ఆలస్యం జరిగింది. తొలినాళ్లలో కొన్ని కార్లకు నిప్పంటుకోవడంతో భయం పుట్టింది. వీటన్నిటితోపాటు ‘అన్నిటికంటే చవక కారు’ అన్న ముద్ర పడింది. ఆ ముద్ర నష్టం చేసిందని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. మనవాళ్లు మొదటి కారు కొనేది ప్రయాణానికి మాత్రమే కాదు కదా. వీధిలో నలుగురూ చూస్తారు, చుట్టాలు అడుగుతారు. కారుతోపాటు గౌరవం కూడా కొనుక్కుంటారు. ఆ గౌరవాన్ని ధరల పట్టికలో వేయలేం, అలాగని మరచిపోనూలేం.

కాబట్టి పేరు, రంగు, రూపం, డబ్బా మీద రాసే మాట... ఇవి పైపై మెరుగులు కావు. కొనే మనిషికి తన మీద తనకున్న మర్యాదను అవి నిలబెట్టాలి.

6. పాడైతే? పని అయిపోతే?

ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ అరిగితే వీధి చివర షాపులో కొత్తది దొరుకుతుంది. మిక్సీ జార్ కింది కప్లర్ విరిగితే మార్చుకోవచ్చు. మరి మీ పిల్లవాడి వాటర్ బాటిల్ మూత పోతే? చాలాసార్లు బాటిల్ మొత్తం పారేయాల్సిందే. ఏ భాగం ముందు అరుగుతుంది, దాన్ని విడిగా మార్చగలమా, బాగుచేసేవాళ్లు ఉన్నారా అన్నది డిజైన్ దశలోనే నిర్ణయమవుతుంది. వాడటం అయ్యాక అది ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న కూడా అంతే. రెండు మూడు పదార్థాలు విడదీయలేనంతగా అంటుకుని ఉన్న వస్తువును మళ్లీ వాడకానికి మార్చడం కష్టం.

7. చట్టం ఏమంటుంది?

ప్యాకెట్లో అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, తయారైన నెల, ఏడాది, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయడానికి వివరాలు ఉండాలని మన తూనికలు కొలతల చట్టం కింద నిబంధనలు ఉన్నాయి. ఇంట్లో ఉన్న ఏ బిస్కెట్ ప్యాకెట్ అయినా తీసి పిల్లలతో ఇవన్నీ వెతికించండి. తర్వాత తమ వస్తువుకు అలాంటి లేబుల్ ఒకటి రాయమనండి. ఇంకొకరి డిజైన్‌ను, పేరును, గుర్తును కాపీ కొట్టడం తరగతి గదిలోనే కాదు, మార్కెట్లో కూడా తప్పే.

ఇంట్లో చేసి చూడండి: అరగంట చాలు

ఒక సాయంత్రం మీ ఇంట్లో అందరూ విసుక్కునే వస్తువు ఒకటి ఎంచుకోండి. మూత రాని డబ్బా, కారే బాటిల్, జిప్పు పట్టేసే బ్యాగు, ఏదైనా సరే. దాన్ని టేబుల్ మీద పెట్టి ఇంట్లో ముగ్గురి చేత వాడించండి. పిల్లలు మాట్లాడకుండా చూసి, రాసుకోవాలి. చెయ్యి ఎక్కడ ఆగింది, ఎవరు తిప్పి చూశారు, ఎవరు విసుక్కున్నారు, ఎవరు పళ్లతో లాగారు? తర్వాత మాత్రమే “దీన్ని ఎలా మార్చవచ్చు?” అన్న ప్రశ్న. ఈ ఒక్క పేజీ ప్రాజెక్టుకు గట్టి పునాది.

మీరు అడగాల్సిన ప్రశ్నలు

- ఇది ఎవరి కోసం? వాళ్లతో మాట్లాడావా?
- వాళ్లు ఇప్పుడు ఈ పని ఎలా చేసుకుంటున్నారు?
- దీన్ని తప్పుగా వాడితే ఏమవుతుంది?
- ఈ పదార్థమే ఎందుకు? ఏం వదులుకున్నావు?
- పది చేస్తే ఎంత, వెయ్యి చేస్తే ఎంత?
- పాడైతే ఎవరు బాగుచేస్తారు?
- మొదటి నమూనాలో ఏం తప్పింది? ఏం మార్చావు?

మీరు చేయవలసినవి, చేయకూడనివి

బ్లేడు, సోల్డరింగ్, వేడి జిగురు లాంటి ప్రమాదమున్న పనుల దగ్గర తప్పక పక్కన ఉండండి, అవసరమైతే మీరే చేయండి. ఎవరితోనైనా మాట్లాడాలంటే తోడు వెళ్లండి. కొలతలు తప్పుగా తీస్తుంటే “ఇంకోసారి కొలువు” అనండి. అంతకుమించి వద్దు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టే సాయం ఈ ప్రాజెక్టులో వద్దు. రెడీమేడ్ మోడల్ కొనవద్దు. 200 రూపాయలకంటే ఎక్కువ ఖర్చు పెట్టవద్దు. ఇంట్లో ఉన్న అట్టలు, గుడ్డముక్కలు, పాత డబ్బాలు చాలు. నమూనా వంకరగా వస్తే సరిచేయకండి. మొదటి నమూనా పనిచేయకపోతే “నేను ముందే చెప్పాను కదా” అనకండి. ఎందుకు పనిచేయలేదో రాయమనండి. ఆ పేజీకే ఎక్కువ మార్కులు.

పిల్లలు నిద్రపోయాక మనం పూర్తిచేసిన ప్రతి ప్రాజెక్టూ వాళ్లకు ఒక మాట చెబుతుంది: “నువ్వు చేసింది సరిపోదు.” మనం అలా అనుకోం. కానీ వాళ్లకు అలాగే వినిపిస్తుంది. రేపు పెద్దయ్యాక వాళ్లు ఏ వస్తువూ తయారుచేయకపోవచ్చు. డాక్టరో, టీచరో, ఆఫీసరో కావచ్చు. అప్పుడు కూడా ఎదుటి మనిషి ఇబ్బంది చూడటం, ఒక ప్రయత్నం చేయడం, తప్పితే సిగ్గుపడకుండా మార్చుకోవడం తెలిసి ఉండాలి. అది మన చేతుల్లోంచి వాళ్ల చేతుల్లోకి వెళ్లాలంటే, కాసేపు మన చేతులు వెనక్కి కట్టుకోవాలి.

గత ఏడాది పూసల మూతల పెట్టె చేసిన అమ్మాయిని ఈ నెల అసెంబ్లీలో వేదిక మీదికి పిలిచాం. ఆలస్యంగానైనా మేం చెప్పాల్సిన మాట చెప్పాం. “అమ్మమ్మ ఇంకా అదే పెట్టె వాడుతున్నారా?” అని అడిగితే, “లేదు మేడమ్, అది నాలుగోది” అంది.

ఈసారి ప్రదర్శనకు మీరంతా రండి. మోడల్ చూసి ఆగిపోకండి. పక్కనే ఉన్న నోట్‌బుక్ తెరిచి చదవండి. మీ పిల్లలదే కాదు, పక్క పిల్లలది కూడా.